మార్కుల లెక్క అమ్మాయిదే

విజయవాడలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు మార్కులు అడగాల్సిన పని లేదు. వీకెండ్ టెస్ట్ అయితే చాలు, మార్కులూ ర్యాంకూ ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చేస్తాయి. మా అన్నయ్య ఇద్దరు పిల్లల్నీ ఆ మెసేజ్‌లు చూసుకుంటూనే గట్టెక్కించాడు. అమెరికాలో మా అమ్మాయి యూనివర్సిటీలో చేరాక నాకలాంటిది ఒక్కటీ రాలేదు, రాదు కూడా. ఫెర్పా అని అక్కడ 1974 నాటి చట్టం ఒకటుంది. కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు పిల్లలదే. వాళ్లు రాసిస్తే తప్ప మామూలుగా మనకు మార్కులు చెప్పరు. ఫీజు కట్టేది మనమే కదా అంటే, అయినా చెప్పి తీరాలన్న రూలు లేదు.

అమ్మాయి డిసెంబరు సెలవుల్లో విజయవాడ సత్యనారాయణపురం వచ్చినప్పుడు మా నాన్నకి ఇది మింగుడు పడలేదు. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "కాలిక్యులస్‌లో ఎంతొచ్చింది తల్లీ?" అంటే, మనవరాలు ఫోన్లో కోర్సు సిలబస్ తెరిచి చేతికిచ్చింది. మొత్తం మార్కుల్లో హోంవర్క్‌కి 15 శాతం, క్విజ్‌లకి 15, రెండు మిడ్‌టర్మ్‌లకి చెరో 20, ఫైనల్‌కి 30. క్విజ్‌లలో బాగా తక్కువొచ్చిన రెండిటినీ వదిలేస్తారు. పరీక్షల్లో కాలిక్యులేటర్ వాడకూడదు. వారానికి మూడు లెక్చర్లు పెద్ద హాల్లో జరుగుతాయి. ఇవి కాక వారానికోసారి చిన్న క్లాసు, అందులో పీహెచ్‌డీ చేసే కుర్రాడెవరో లెక్కలు చేయిస్తాడు.

నాన్న కళ్లు మాత్రం పాఠాల మీదకే పోయాయి. లిమిట్స్, డెరివేటివ్స్, మాక్సిమా మినిమా, చివర్లో కాస్త ఇంటిగ్రేషన్. "మా ఇంటర్ లెక్కల పేపర్లు వన్ బీ, టూ బీలో సగం కూడా లేదు. దీనికి నాలుగు నెలలా?" అన్నారు. అదీ నిజమే. ఇంటిగ్రేషన్ చేయడంలో మన ఇంటర్ పిల్లలకున్నంత నేర్పు అక్కడి ఫస్టియర్ పిల్లల్లో నాకు కనపడలేదు. తర్వాత పాత మిడ్‌టర్మ్ పేపర్ చూశారు. ఓ ప్రశ్నలో గ్రాఫ్ ఒక్కటే ఉంది, సూత్రం లేదు. ఈ బిందువు దగ్గర డెరివేటివ్ ఎందుకు లేదో వాక్యాల్లో రాయాలి. నాన్న కళ్లజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివారు. "దీనికి ఏడు మార్కులివ్వచ్చు" అన్నారు. ఆయన పాఠాలు చెప్పిన రోజుల్లో ఇంటర్ మ్యాథ్స్‌లో లాంగ్ ఆన్సర్‌కి ఏడే మరి.

నాకు నచ్చింది ఆ పేపర్ కాదు, దాని వెనక పెన్సిల్‌తో మా అమ్మాయి వేసుకున్న లెక్క. హోంవర్క్ 94, క్విజ్‌లు 80, మిడ్‌టర్మ్‌లు 58, 71. శాతాల ప్రకారం కలిపితే ఫైనల్‌కి ముందు చేతిలో ఉన్నవి 51.9. సి గ్రేడుకి 70 కావాలి కాబట్టి ఫైనల్లో 61 వస్తే చాలు. బి గ్రేడుకి 80 కావాలంటే 94 రావాలి. ఇంజినీరింగ్ వాళ్లకి సి లేనిదే తర్వాతి కాలిక్యులస్ ఇవ్వరు. గడువులోపు కోర్సు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల జాబితాలో, గ్రేడు బదులు విత్‌డ్రా అని డబ్ల్యూ పడుతుంది. ఆ తేదీ కూడా పక్కనే రాసుకుని కొట్టేసింది. 58 వచ్చిన వారం నుంచి ప్రొఫెసర్ తన గదిలో సందేహాలు తీర్చే ఆఫీస్ అవర్స్‌కి వెళ్తోందట. నాకు ఫోన్లో మాత్రం భోజనం సంగతులే చెప్పేది. మెసేజ్‌లు వచ్చి ఉంటే ఆ వారమే నేను ట్యూషన్ వెతికేదాన్ని, ఈ లెక్క నేనే వేసేదాన్ని.

"అదంతా సరే, చివరికి ఎంతొచ్చింది?" నాన్న వదల్లేదు.

"జనవరిలో కాలిక్యులస్ టూ తీసుకుంటున్నా తాతయ్యా. అంతవరకే చెప్తాను."

"అంటే 61కి తగ్గలేదన్నమాట" అని ఆయన అదే కాగితం మీద లెక్క మొదలుపెట్టారు.