పొట్ట నొక్కకండి, ముందు ఊపిరి ఊదండి

మర్చంట్ షిప్పుల్లో పనిచేసే మన విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నా, మిగతావాళ్లు చదివినా నష్టం లేదు. లిబియా నుంచి ఇటలీ వైపు వలసజనంతో బయల్దేరిన పడవ మునిగిపోతుంటే, దగ్గర్లో ఉన్న ఓడ ఏదైనా సరే వెళ్లి కాపాడాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న ఒప్పందం) రూలు. వెళ్లేది మనమే, మన ఓడలో డాక్టర్ ఉండడు.

మొన్న రిఫ్రెషర్ కోర్సులో ఫస్ట్ ఎయిడ్ చెప్పిన పెద్దాయన ముందే అడిగేశారు: "పైకి లాగినవాడికి ఊపిరి ఆడట్లేదు, ఏం చేస్తావ్?" సగం మంది ఛాతీ నొక్కుతాం అన్నారు, ఒకరిద్దరు పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తాం అన్నారు, సినిమాల పుణ్యం. పొట్ట నొక్కితే లోపలున్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండెపోటులో ముందు ఆగేది గుండె, నీళ్లలో మునిగినవాడికి ముందు ఆగేది ఊపిరి. అందుకే యూరప్ గైడ్‌లైన్స్ ప్రకారం మొదట 5 సార్లు నోట్లోకి ఊదాలి, ఆ తర్వాతే ఛాతీ మీద 30 నొక్కులు, 2 ఊపిరులు. నోటి దగ్గర నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చుంటే అక్కడే టైమ్ అయిపోతుంది. బొమ్మ మీద చేస్తుంటే అందరం హీరోలమే, ఆయన బొమ్మ మూతికి సబ్బు నురగ పూసి ఇప్పుడు చెయ్యండి అన్నాక ఒక్కొక్కడి మొహం చూడాలి.

అసలు నేను వినని సంగతి పెట్రోలు కాలిన గాయాలు. రబ్బరు పడవ అడుగున ఒలికిన పెట్రోలు ఉప్పునీళ్లతో కలుస్తుంది, మధ్యలో కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, గంటల తరబడి అందులోనే ఉంటే తొడలు, నడుము చర్మం ఊడొస్తుంది. చూడ్డానికి తడిసిన బట్టల్లా ఉంటుంది కాబట్టి చలేస్తోందేమో అని దుప్పటి కప్పేస్తాం, లోపల కాలుతూనే ఉంటుంది. బట్టలు విప్పించి, మంచినీళ్లతో బాగా కడిగి, అప్పుడు కప్పాలి. పరాయి మగాళ్ల ముందు ఆమె ఎలా విప్పుతుంది? చాటుగా ఒక చోటు ముందే చూసి పెట్టుకోవాలి. ఇది మా పుస్తకంలో లేదు.

ఇంకోటి, ఓడని చూడగానే అందరూ ఒకే పక్కకి తోసుకొస్తారు. 2015 ఏప్రిల్‌లో కింగ్ జాకబ్ అనే సరుకు ఓడ సాయానికి వెళ్లినప్పుడే వలసజనం ఉన్న పడవ తిరగబడింది, 800 మందికి పైగా పోయారు, బతికింది 28 మంది. అందుకే ముందు లైఫ్ జాకెట్లు అందించాలి, కూర్చోమని సైగలతో చెప్పాలి, నిచ్చెన తర్వాత.

చివర్లో నేనొకటి అడిగా. కోర్సులో అన్నిటికీ ఆఖరి మెట్టు "డాక్టర్‌కి అప్పగించండి" అని ఉంటుంది, మరి రేవులోకి రానివ్వకపోతే? 2020లో మెర్స్క్ ఎటియెన్ ట్యాంకర్ 27 మందిని ఎక్కించుకుని మాల్టా దగ్గర 38 రోజులు నిలబడింది, తట్టుకోలేక ముగ్గురు సముద్రంలోకి దూకితే మళ్లీ సిబ్బందే పైకి తీశారు. ఆయన రోమ్‌లో ఉచితంగా రేడియోలో వైద్యసలహా ఇచ్చే సీఐఆర్ఎం గురించి చెప్పి, దానికి ఫోన్ చెయ్యండి, ఆపైన కెప్టెన్ చూసుకుంటాడు అన్నారు. నాకైతే ఆ జవాబు చాల్లేదు, మీలో అలాంటి ఓడలో పనిచేసినవాళ్లుంటే కింద రాయండి.