పానగల్ పక్కన చిన్న సముద్రం, దాని నిండా నాచు

నల్లగొండలో సముద్రమన్న పేరు నాకు తెలిసి ఒక్కదానికే ఉంది, పానగల్ ఉదయసముద్రానికి. అది మంచినీటి చెరువు. అసలు సముద్రం చూడాలంటే గుంటూరు రైలెక్కి, అక్కడి నుంచి సూర్యలంక దాకా వెళ్లాలి. అలాంటి ఊళ్లో, క్లాక్ టవర్‌కు కూతవేటు దూరంలోని మా ఇంటి ముందు గదిలో 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

రెండడుగుల గాజు తొట్టి, ఎండు రాళ్లు, నీళ్లలోని మలినాలను నురగగా లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్, ఒక నీలి లైటు. అక్వేరియం ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలిపి, సాంద్రతను 1.025 దగ్గర నిలబెట్టాను. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగేదాకా ఐదు వారాలు ఖాళీ రాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత రెండు క్లౌన్ చేపలు, పగడాలకు చుట్టాలై పూలలా విచ్చుకునే కొన్ని జోయాంథస్, రెండు మెత్తటి మష్రూమ్ పగడాలు వచ్చాయి. రాతి పగడాల జోలికి పోలేదు. మన సముద్రాల్లోనివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి పక్కనే.

మొదట ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు పొర పరుచుకుంది. డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు. కొత్త తొట్టిలో సిలికా దొరికినన్నాళ్లు ఉండి, అది అయిపోగానే వాటి దారిన అవి పోతాయి. మూడు వారాల్లో పోయాయి కూడా. నా కొంప ముంచింది అదే. ఏ నాచైనా ఓపిక పడితే పోతుందనుకున్నాను.

నాలుగో నెలలో రాళ్లకు జుట్టు మొలిచింది. పంపు నీటి వాలుకు ఆ పచ్చటి పోగులన్నీ దువ్వినట్టు ఒకే వైపుకు ఒరిగేవి. మొదట్లో అందంగా కూడా అనిపించింది. పది రోజులు తిరిగేసరికి జోయాంథస్ పూలు ముడుచుకుపోయి, వాటి మధ్యలోంచి కూడా పోగులు లేచాయి. పాత టూత్‌బ్రష్‌ను రాయికి ఆనించి మెలితిప్పితే, కండెకు నూలు చుట్టుకున్నట్టు నాచు బ్రష్‌కు చుట్టుకునేది. రెండో చేత్తో సన్నని గొట్టం పట్టుకోవాలి. ఊడిన ప్రతి పోగూ అందులోంచి బకెట్లోకి పడాలి, లేదంటే మరో రాయి మీద నాటుకుంటుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి, జోయాంథస్‌లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఇలా ప్రతి ఆదివారం బకెట్ నింపుతున్నాను, మళ్లీ ఆదివారానికి రాళ్లు యథాప్రకారం పచ్చగా ఉంటున్నాయి.

మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే మా మేనమామ ఒక ఆదివారం వచ్చి ఈ యాతన చూశాడు. "పిడికెడు మైలతుత్తం గుడ్డలో కట్టి వేలాడదీయరా. మా మడిలో నాచుకు అదే మందు" అన్నాడు. మైలతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. రాగి నత్తలకు, రొయ్యలకు, పగడాలకు విషం, పైగా రాళ్లలోకి ఇంకితే ఓ పట్టాన వదలదు. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు తొట్టి వైపు చూసి, "సరే, మా మడిలో డీఏపీ పడ్డాక నాచు లేస్తుంది. నీ తొట్టిలో ఎరువు ఎవరు వేస్తున్నారు?" అని అడిగాడు.

డీఏపీలో ఉండేది ఫాస్ఫేటే కదా అని తొట్టి నీళ్లకు ఫాస్ఫేట్ పరీక్ష చేశాను. దాదాపు సున్నా చూపించింది. కిట్టు పాడైందని ఇంకొకటి కొన్నాను, అదీ సున్నాయే అంది. వచ్చిన ఫాస్ఫేట్‌ను వచ్చినట్టే నాచు మింగేస్తుంటే నీళ్లలో కిట్టుకు దొరికేదేముంటుంది? ఇది అర్థం కావడానికి నాకు రెండు కిట్ల ఖర్చయింది.

నల్లగొండ వాళ్లకు నీళ్లంటే ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. నేనూ దాన్నే అనుమానించాను. తీరా చూస్తే సముద్రపు నీటిలోనే సహజంగా లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుందట. దొంగ వేరే చోట దొరికాడు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొని, నేను వాడుతున్న ఇరవై లీటర్ల క్యాను నీళ్లలో ముంచితే 85 చూపించింది. ఈ తొట్టికి సున్నా ఉండాలి. ప్లాంటు అతన్ని అడిగితే, "ఉట్టి ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయంటారన్నా, కొంచెం బోరు నీళ్లు కలుపుతాం" అన్నాడు. అతని తప్పేముంది, అతను అమ్మేది తాగే నీళ్లు.

రెండో దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కడు కాదు ముగ్గురు. చేపలకు పొద్దున మా అబ్బాయి, మధ్యాహ్నం అమ్మ, రాత్రి నేను, ఎవరికి వారే అవి పస్తున్నాయనుకుని మేత వేస్తున్నాం. గడ్డకట్టిన ఆర్టీమియా అనే చిన్న రొయ్యల మేతను కరిగించి, ఆ నీళ్లతో సహా తొట్టిలో పోస్తున్నాం. ఆ నీళ్లలోనూ ఫాస్ఫేట్ ఉంటుంది.

ఇంట్లోనే ఆర్వో, దాని వెనక మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టించాను. వారానికి పది లీటర్ల నీళ్లు మార్చడం, మేతను టీ వడపోతలో కడిగి రోజుకు ఒక్కసారే వేయడం, లైటు వెలిగే సమయాన్ని రోజుకు పదకొండు గంటల నుంచి ఏడుకు తగ్గించడం మొదలైంది. నాచు మేసే ఆరు టర్బో నత్తలను తెచ్చాను. రాత్రి నత్త నడిచిన దారి పొద్దున చూస్తే, పచ్చికలో గేదె మేసిన చాలులా రాయి తెల్లగా కనిపించేది. రెండు నెలల్లో జుట్టు సగానికి పైగా పోయింది.

అక్కడ ఆగి ఉండాల్సింది. మిగిలిందీ పోవాలనే దుగ్ధతో ఫాస్ఫేట్‌ను పీల్చే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలను చెప్పిన కొలతకు రెట్టింపు వేశాను. ఫాస్ఫేట్, నాచుకు రెండో ఎరువైన నైట్రేట్, రెండూ ఈసారి నిజంగానే సున్నా అయ్యాయి. వారం తిరక్కుండా ఇసుక మీద చీమిడిలాంటి గోధుమ జిగురు, దాని తీగల చివర గాలిబుడగలు. డయాటమ్‌లే మళ్లీ వచ్చాయనుకున్నాను. కొంచెం సీసాలో తీసుకుని గట్టిగా కుదిపి, వడకట్టి, లైటు కింద పెట్టాను. గంటలోపే విడిపోయిన పొడి మళ్లీ తీగలుగా అల్లుకుంది. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. పోటీకి వేరే నాచు, బ్యాక్టీరియా లేని బీడులో ఇవి రాజ్యమేలతాయి. వీటిలో కొన్ని విషపూరితం కూడా. వారంలో నాలుగు నత్తలు వెల్లకిలా పడి చచ్చిపోయాయి. వాటిని తీసి పారేస్తుంటే చాలా సిగ్గేసింది.

గుళికలు తీసేశాను. మూడు రోజులు లైటు ఆపి తొట్టికి దుప్పటి కప్పాను. "చేపలకు జ్వరమా?" అంది అమ్మ. నీళ్లలో తేలే వాటిని చంపే యూవీ దీపం పెట్టాను. ఆ పైన, ఇన్నాళ్లూ తీసేయడానికి చచ్చీచెడిన నైట్రేట్‌ను డబ్బులిచ్చి కొని, చుక్కలు లెక్కపెట్టి నేనే వేయడం మొదలుపెట్టాను. జిగురు పోవడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా మే నెల వచ్చి పడింది. ఫ్యాను గాలికి రోజూ రెండు మూడు లీటర్లు ఆవిరి. ఉప్పు ఆవిరవదు కాబట్టి, తగ్గిన మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. ఊరికి వెళ్తే ఆ పని అబ్బాయిది.

ఇప్పుడు లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఆడుతున్నాయి. మొన్న ఉగాదికి మామయ్య వచ్చి తొట్టి ముందు వంగి చూశాడు. వెనక అద్దం మీద పచ్చటి పొరను వేలితో చూపించి, "ఇది మిగిలిపోయిందే?" అన్నాడు.

"నత్తల మేతకు వదిలాను."

"మరి ఎరువు?"

"రోజుకు ఆరు చుక్కలు."

మామయ్య అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, వీడికి వ్యవసాయం వద్దనే కదా మనం చదివించింది!"