డ్రై సూట్ బేరం

డైవింగ్‌లో ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్ కొనడానికొచ్చా. దాని లేటెక్స్ రబ్బరు మెడపట్టీలోంచి తల బయటికొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. "కాస్త టాల్కమ్ పౌడర్ రాసుకోండి" అన్నాడు షాపతను, తాపీగా.

ఇక్కడ సియాటిల్‌లో, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ లోతుల్లో ఎండాకాలమైనా చలే. మామూలు నియోప్రీన్ (నురగ రబ్బరు) సూట్ వెచ్చనే, కానీ కిందికి వెళ్లేకొద్దీ ఒత్తిడికి పల్చబడుతుంది. ట్రైలామినేట్, అంటే మూడు పొరల పల్చటి గుడ్డ సూట్, ఉత్త రెయిన్‌కోటు, వెచ్చదనమంతా లోపలి బట్టలదే. చలిని బట్టి అవి మార్చుకోవచ్చు, సూట్ తొందరగా ఆరుతుంది. నా ఓటు దానికే.

సైజు దగ్గరే తేలట్లేదు. లోపల మందపాటి బట్టలతో చెయ్యి వెనక్కి పెడితే వీపు మీది గాలి సిలిండర్ వాల్వ్ అందాలి. మరీ వదులైతే గాలి పాదాల్లోకి చేరి తలకిందులైపోతాం, అదో టెన్షన్.

ధర చెబితే ఫోన్‌లో అమ్మ: "చన్నీళ్లలో మునగడానికి అంత డబ్బా?"

బదులు ఇంకా దొరకలేదు. అడ్వాన్స్ మాత్రం కట్టేశా.