మూడో ప్లగ్ విప్పి చూశాక

రెండు నెలల్లో నాన్న బండికి రెండుసార్లు ప్లగ్, అదే ఇంజిన్‌లో పెట్రోల్‌ని మండించే నిప్పురవ్వ పుట్టించేది, మార్చారు. మార్చిన వారం రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మిస్సింగ్, ఇంజిన్ తడబడుతూ నడుస్తుంది. పోయిన నెల దుగ్గిరాల పసుపు యార్డు నుంచి వస్తుంటే దారిలోనే ఆగిపోయింది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి ఎండలో కిక్ కొడుతూ నిలబడ్డారని అమ్మ ఫోన్‌లో చెబితే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం ఊరెళ్లి నేనే పానా పట్టుకున్నాను.

రెండుసార్లూ మెకానిక్ పాత ప్లగ్ పారేసి కొత్తది బిగించాడు. ఆ పాతదాన్ని ఒక్కసారి చూడాల్సింది. ఇంజిన్ లోపలి సంగతి చెప్పేది అదే. మొన ఇటుక రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ పైకొస్తోంది, ఆయిల్‌ని ఆపే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో చూసుకోవాలి. తెల్లగా పాలిపోతే పెట్రోల్ చాలక వేడెక్కుతూ ఉండొచ్చు. నాన్న బండిది వేలికి అంటుకునే పొడి మసి. అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది.

మసిలోంచి కరెంటు పారుతుంది. తెల్ల పింగాణీ మీద అది పేరుకుంటే కరెంటు మొన దగ్గరి గ్యాప్ దూకి నిప్పురవ్వ అవ్వకుండా మసి మీదుగా బాడీలోకి జారిపోతుంది. మొన వేడి 450 డిగ్రీలు దాటితే మసి దానంతటదే కాలిపోతుంది. కానీ ఇంటి నుంచి చేను మూడు కిలోమీటర్లే. నాన్న నెమ్మదిగా వెళ్తారు. అంత వేడి ఎక్కడొస్తుంది?

ఎయిర్ ఫిల్టర్ బాగానే ఉంది. అసలు సంగతి చోక్ దగ్గర దొరికింది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి పెట్రోల్ పాలు పెంచేది అదే. లివర్ పూర్తిగా మూస్తున్నా లోపల తీగ తుప్పు పట్టి సగంలోనే ఆగిపోతోంది, అందుకే బండి నడుస్తున్నంతసేపూ పెట్రోల్ ఎక్కువ పోతోంది. "రోజూ మూసే తోలుతున్నా కదరా" అన్నారు నాన్న. ఆయన తప్పేం లేదు. తీగ మార్చాను.

కొత్త ప్లగ్‌కి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి, బండి పుస్తకంలో ఉన్నట్టే 0.7 మిల్లీమీటర్లకు గ్యాప్ సరిచూశాను. ఇంజిన్ చల్లారాకే విప్పండి. బిగించేటప్పుడు ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. ప్లగ్ బిగించే ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, మర అడ్డంగా ఎక్కితే త్రెడ్ పోతుంది. కొత్త ప్లగ్ వాషర్ ఆనాక పానాతో అర చుట్టు చాలు.

మూడు వారాలకు, నిన్న మళ్లీ విప్పాం. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ప్లగ్ వెలుతురులోకి తిప్పి, "ఇటుక రంగంటే ఇదేనా?" అని అడిగారు. అదే.