డబ్బా తిరగదు, మామయ్యగారు ఊరుకోరు

"అటు కాదమ్మా, ఇటు. ఇంకా బిగించేస్తున్నావు."

సాయంత్రం నుంచి మామయ్యగారి ఈ మాట చెవిలో గింగురుమంటోంది. పడుకున్నా నిద్ర రాలేదు, లేచి రాస్తున్నా.

ఆయన జీపు సంగతి చెప్పాలి. అమ్మరు, ఇంకోటి కొననివ్వరు, షెడ్డుకి పంపుదామంటే "వాళ్లకేం తెలుసు" అంటారు. ఈమధ్య ఖాళీగా వెళ్తే బానే ఉంటోంది గానీ, నలుగురం ఎక్కి ఫ్లైఓవర్ మీదికి వచ్చేసరికి జర్కులు కొట్టి నీరసపడుతోంది. డీజిల్ ఫిల్టర్ పూడుకుపోతే ఇంతే. మామూలుగా నడిచినంతసేపు సరిపడా డీజిల్ అందుతుంది, బరువు పడి ఇంజిను ఎక్కువ అడిగితే అందదు. మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో కొత్త ఫిల్టర్ కొనుక్కొచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టారు. అక్కడితో ఆయన వంతు అయిపోయింది, ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

పాతది ఊడితే కదా! చేత్తో తిప్పితే జారింది. గరుకు కాగితం చుట్టి తిప్పితే పట్టు దొరికింది గానీ డబ్బా కదల్లేదు. పైగా అది ఉన్న చోటు ఎలాంటిదంటే, చేయి దూరితే మణికట్టు తిరగదు, మణికట్టు తిరిగితే మోచేయి గొట్టాలకి తగులుతుంది.

నేను జీపు కింద పడుకుని పైకి చూస్తున్నా. మామయ్యగారు బానెట్ మీదికి వంగి కిందికి చూస్తున్నారు. ఫిల్టర్ తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి, కింద నుంచి ఎడమకి తిప్పితే ఊడుతుంది. పైనుంచి చూసేవాళ్లకి అదే కుడివైపు తిరిగినట్టు, బిగుస్తున్నట్టు కనిపిస్తుంది. ఇది చెప్పాను. వినలేదు. బయటికొచ్చి నీళ్ల సీసా తలకిందులు చేసి, మూత తిప్పి మరీ చూపించాను. శ్రద్ధగా చూసి, "సీసా వేరు, జీపు వేరమ్మా" అన్నారు. మళ్లీ కిందికి దూరాను. మళ్లీ "ఇటు, ఇటు."

అక్కడ ఆయన మీద కోపం చూపించలేను కదా. ఆ ఫిల్టర్ పోయినసారి బిగించినవాడి మీదికి మళ్లించాను. ఏ షెడ్డో చెప్పను. అసలు ఈ డబ్బా బిగించడానికి పానా ఎందుకు? రబ్బరు రింగుకి కాస్త డీజిల్ రాసి, చేత్తో తిప్పుతూ రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. వీడు పొడి రబ్బరు పెట్టి, పానా వేసి, ఉన్న బలమంతా చూపించి పోయాడు. ఆ రబ్బరు ఇంజిను వేడికి ఉడికి అతుక్కుపోయింది. కింద పడుకుని ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయలేను, మా అమ్మ కూడా చదువుతుంది.

తిడుతూంటే నాన్న ట్రాక్టరు గుర్తొచ్చింది. దమ్ము చేస్తుంటే మడి మధ్యలో ఆగిపోయింది ఒకసారి. ఎయిర్ పట్టేసింది, అంటే డీజిల్ దారిలోకి గాలి చేరింది. అంతకు వారం ముందే ఊళ్లో మెకానిక్ ఫిల్టర్లు మార్చి వెళ్లాడు. ఎక్కడో ఒక బోల్టు చాలీచాలకుండా బిగించాడు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని లాగుతుంది కదా, అక్కడ సందు ఉంటే బయటికి చుక్క కారకపోయినా గాలి లోపలికి పోతుంది. చీకటి పడిపోయింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో టార్చి. ఆ గాలి బయటికి పోవడానికి నాన్న స్క్రూ వదులు చేస్తే నేను చేతిపంపు కొట్టేదాన్ని. నురగ, బుడగలు, మళ్లీ నురగ. దోమలు పీకి చంపాయి. బుడగ లేకుండా డీజిల్ ధార వచ్చాకే ఇంజినులోకి డీజిల్ కొట్టే మైకో పంపుకి డీజిల్ అందింది, బండి లేచింది. నాకు అదంతా సరదాగానే ఉండేది. తెల్లారి నాన్న ఆ మెకానిక్‌ని రచ్చబండ దగ్గర నిలబెట్టి, అందరి ముందూ "బోల్టు బిగించడం రానివాడివి పానా ఎందుకు పట్టావురా" అన్నారు. అతను తల ఎత్తలేదు. ఆ తర్వాత మా ట్రాక్టరుకి అతను బిగించినది ఏదీ, ఎప్పుడూ, ఎవరికీ తేలిగ్గా ఊడలేదు.

అది గుర్తొచ్చాక షెడ్డువాడిని తిట్టడం మానేశా. కారిందని ఎవరో ఒకరు అరిచే ఉంటారు. మామయ్యగారే అరిచి ఉండొచ్చు, ఆశ్చర్యమేం లేదు. వదులైతే తిట్లు పడతాయి. బిగుతైతే, ఊడదీసే రోజుకి తిట్టేవాడి ఎదురుగా తను ఉండడు. నేనైనా బిగించే రకమే అవుతాను.

కాదులెండి. బిగించడం భయమనుకుందాం. రింగుకి నాలుగు చుక్కల డీజిల్ రాయడానికి ఏం భయం? అది బద్ధకం. ఒక్క దానికే క్షమించాను, రెండోదానికి లేదు.

ఈయన అరుగు మీంచి, స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పమని సలహా పారేశారు. గుచ్చితే ఆ పల్చటి రేకు చిరిగి, డీజిల్ ముఖాన పడి, డబ్బా మొదలు మాత్రం అక్కడే ఉండిపోవచ్చు. అది ఆఖరి దారి. పాత సైకిల్ ట్యూబు ముక్క డబ్బాకి చుట్టి, అందులో కర్ర దూర్చి మెలిపెట్టి లాగాను. కిర్రుమంది. తిరిగింది. అబ్బ!

దింపిన డబ్బా బేసిన్‌లో పెడుతుంటే పైనుంచి, "పాత రింగు దాంతో వచ్చిందా చూశావా?" అన్నారు. రాలేదు. పైనే అతుక్కుని ఉంది. దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులు కూర్చోవు, డీజిల్ కారుతుంది. ఆయన అడక్కపోయినా చూసేదాన్నే. చూసేదాన్నే అనుకుంటున్నాను.

కొత్తది పెట్టి, ఎయిర్ తీసి, స్టార్ట్ చేస్తే కాస్త తడబడి అందుకుంది.

పాత డబ్బా బేసిన్‌లోకి వంచితే డీజిల్ కింద నీళ్లు బయటపడ్డాయి. నీళ్లు బరువు కాబట్టి అడుగున ముత్యాల్లా కదులుతూ కనిపించాయి. బంకులో పోసినవి అనుకోను. పెరట్లో డ్రమ్ములో నిల్వ పెడతారే, మూత సరిగ్గా పడదు, దాని పనే ఇది. డ్రమ్ము తీసేయమని రేపు చెప్పాలి. నేను చెప్పను. ఫిల్టర్ తెచ్చిన మనిషి చెప్తారు.