నక్క పక్కకు తప్పుకున్న చోట

లేడి అంటే పిరికితనం, పంది అంటే మొండితనం, నక్క అంటే జిత్తులు. ఇలా పట్టీ రాసుకుని ‘సర్ గవెయిన్ అండ్ ది గ్రీన్ నైట్’ చదివితే సగమే అందుతుంది. 14వ శతాబ్దం చివరి నాటి ఈ 2,530 పాదాల ఇంగ్లీషు కావ్యంలో వేట మూడు రోజులు. కోట యజమాని అడవిలో ఉండగా, అతని భార్య పడకగదిలో, అక్కడ అతిథిగా ఉన్న ఆర్థర్ రాజు కొలువు వీరుడు గవెయిన్‌ని కవ్విస్తుంటుంది. ఆ రోజు ఎవరికి దక్కింది వాళ్లు సాయంత్రం ఎదుటివాడికి ఇచ్చేయాలని మగవాళ్లిద్దరి ఒప్పందం.

మొదటి రోజు ఆడ లేళ్లు. మగవాటిని కొట్టకూడని కాలం కాబట్టి కొమ్ములున్నవాటిని పోనిస్తారు. కోసే ముందు కొవ్వు చూస్తారు. అన్నిటికన్నా బక్కదానికీ రెండు వేళ్ల మందం ఉంటుంది. గొంతుగుంట చీల్చి, అన్నవాహికను పట్టుకుని, కత్తితో గీకి ముడి వేస్తారు. కాళ్లు నరికి, తోలు ఒలిచాకే పొట్ట కోస్తారు. ముడి జారితే కడుపులోది మాంసానికి అంటుకుంటుంది, అందుకే పేగులు తీసేటప్పుడు అంత జాగ్రత్త. కాకికి దాని ముక్క, కుక్కలకు కాలేయం, ఊపిరితిత్తులు, నెత్తుట్లో తడిపిన రొట్టె. ఇదంతా ఉత్త వర్ణనే అని పేజీ తిప్పేస్తారు చాలామంది. కథ నడిచేదే ఎవరి వాటా వాళ్లకు చేరడం మీద! ఆ సాయంత్రం గవెయిన్ తనకు దక్కిన ఒక ముద్దునూ దాచకుండా అప్పగిస్తాడు.

రెండో రోజు అడవి పంది. ఏటి నీళ్లలో ముఖాముఖి పోరు, గొంతుగుంటలో పిడిదాకా దిగిన కత్తి. ముద్దులు రెండు.

మూడో రోజు నక్క. తోలు ఒలవడం ఒక్క ముక్కలో అయిపోతుంది, పంచడానికేముంది? గవెయిన్ మూడు ముద్దులిచ్చి, ప్రాణం కాపాడుతుందని యజమాని భార్య ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టును మాత్రం దాచుకుంటాడు. బదులుగా దొరికింది ‘పాడు నక్క తోలు’. యజమాని అన్న మాటే అది.

ఇక్కడ మూలం చూడాలి. యజమాని దూసిన కత్తికి జడిసి నక్క ‘షుంట్’ అంటుంది కవి. చటుక్కున పక్కకు తప్పుకుందన్నమాట. వెనక్కి మళ్లబోయి కుక్క నోట పడింది. తర్వాత, ముందే ఒప్పుకున్న పందెం ప్రకారం గ్రీన్ నైట్ (ఆకుపచ్చ వీరుడు) గొడ్డలి కింద మెడ పెట్టి జంకిన గవెయిన్ ఒప్పుకునేదీ ఆ మాటతోనే: ‘ఒక్కసారి షుంట్ అయ్యాను.’ అనువాదకుడు రెండు చోట్లా వేర్వేరు క్రియలు వాడాడా, ఆ లంకె పోయినట్టే. మీ చేతిలో ఉన్న ప్రతిలో 1902, 2280 పాదాలు పక్కపక్కన పెట్టి చూడండి.