జామ్‌నగర్‌లో నర్లింగ్ పని

రాజ్‌కోట్‌లో రైలు దిగి, అక్కడి నుంచి సుమారు 90 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించి గుజరాత్‌లోని జామ్‌నగర్ చేరుకున్నాను. ఆ ఊళ్లో చూడదగినవి చాలానే ఉన్నా, హైదరాబాదు బాలానగర్‌లో చిన్న లేతు షాపు నడుపుకొనే నాకు శంకర్ టేకరీ పారిశ్రామికవాడే గమ్యం. ఇత్తడి విడిభాగాలకు జామ్‌నగర్ సంపాదించుకున్న పేరులో అక్కడి చిన్న చిన్న షెడ్ల కష్టమే ఎక్కువ.

నేను వెళ్లిన షెడ్డులో ప్లాస్టిక్ వస్తువుల్లో మరలు బిగించడానికి వీలుగా అమర్చే ఇత్తడి ఇన్సర్టులు తయారవుతున్నాయి. నర్లింగ్ అంటే గుండ్రని లోహపు ముక్క ఒంటి మీద గరుకు గీతలు వేయడం. మా షాపులో అది వేసేది వేళ్లు జారకుండా ఉండడానికే; గేజీల (కొలత పరికరాల) పిడులకూ, చేత్తో తిప్పే మరల తలలకూ వేస్తాము. ఇక్కడ వేసే నర్లింగ్ మాత్రం ఎవరి వేలికీ తగలదు. కరిగిన ప్లాస్టిక్ ఆ గాడుల్లోకి పారి గట్టిపడ్డాక, మరను బిగించేటప్పుడు ఇన్సర్టు దానితో పాటు తిరిగిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. పొడవునా తిన్నగా సాగే గీతలు తిరగడాన్ని ఆపుతాయి గాని, లాగితే ఊడి రావడాన్ని అంతగా ఆపలేవు. అందుకే వాటి నడుమ చుట్టూ ఒక గాడి కోస్తారు. వజ్రాకారపు నర్లింగ్ రెంటికీ పనికివస్తుంది.

అక్కడి టర్నరు నాకోసం ఒక జాబ్‌ను, అంటే పని చేయాల్సిన ముక్కను, లేతుకుండే పట్టు అయిన చక్‌లో బిగించి, వేగం తగ్గించి, పళ్లున్న నర్లింగ్ చక్రాన్ని ఆనించాడు. ఈ రకం చక్రం లోహాన్ని కోయదు, నొక్కి పైకి ఉబికిస్తుంది కాబట్టి జాబ్ వ్యాసం కాస్త పెరుగుతుంది. తిన్నని గీతలకు 1 మి.మీ. పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం) ఉన్న చక్రం పెట్టిన అతను, 10 మి.మీ. కడ్డీని ముందే 9.87కు దించుకున్నాడు. 10 మి.మీ. కడ్డీ చుట్టుకొలత 31.4 మి.మీ. గనుక, ఒక చుట్టు తిరిగి వచ్చిన పళ్లు మొదటి గాడుల్లో పడక పక్కన మరో వరుస గీస్తాయి; 9.87 అయితే చుట్టుకొలత 31కి వచ్చి గాడిలోనే గాడి పడుతుంది. మెత్తని ఇత్తడిలో అదే సర్దుకుంటుందని ఈ లెక్క వదిలేసేవారు మా వాడలో చాలామంది ఉన్నారు, నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చదు.

సన్నని జాబ్‌లకు అతను రెండు వైపుల నుంచీ నొక్కే కత్తెర రకం టూలు వాడుతున్నాడు. ఒక వైపు నుంచే నొక్కితే అవి వంగిపోతాయి, స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) బేరింగుల మీదా భారం పడుతుంది. వజ్రాకారపు ఇన్సర్టులకు ఆర్డరు ఇచ్చి, అలాంటి టూలు దొరికే దుకాణం ఎక్కడుందో అతన్నే అడిగి బయలుదేరాను.